షెంజెన్ వీసాతో సైప్రస్ వెళ్లవచ్చా? ఏ విమానాశ్రయంలో దిగాలి?

ప్రశ్న: మాది తెనాలి. నేను, మావారు ఇద్దరం ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశాం. మ్యూనిక్‌లో ఉంటున్న మా అమ్మాయికి కాన్పు దగ్గర పడింది. సాయంగా ఉండటానికి వెళ్తున్నాం. జర్మనీ కాన్సులేట్ మా ఇద్దరికీ రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఇచ్చింది. మా తమ్ముడి కొడుకు ఉత్తర సైప్రస్‌లో చదువుతున్నాడు. "అత్తయ్యా, ముందు ఇస్తాంబుల్ మీదుగా ఎర్‌జాన్ విమానాశ్రయానికి రండి, టికెట్టు చవక. నాలుగు రోజులు నా దగ్గర ఉండి, చెక్‌పోస్టు దాటి దక్షిణం వైపు కూడా చూసి, లార్నకా నుంచి మ్యూనిక్ వెళ్లండి" అంటున్నాడు. సైప్రస్‌కు మాకు వేరే వీసా కావాలా? వాడు చెప్పిన దారిలో వెళ్లవచ్చా? అక్కడ గడిపిన రోజులు మా 90 రోజుల లెక్కలోకి వస్తాయా?

జవాబు: మీ మేనల్లుడు ప్రేమతోనే చెప్పి ఉంటాడు, కానీ ఆ దారిలో వెళ్లవద్దు. సైప్రస్ చూడటానికి మీకు విడిగా వీసా అవసరం లేదు. అయితే ఆ సౌకర్యం మీరు దక్షిణాన, సైప్రస్ ప్రభుత్వ అదుపులో ఉన్న లార్నకాలోనో పాఫోస్‌లోనో దిగినప్పుడే ఉంటుంది. ప్రభుత్వ అదుపులో లేని ఉత్తరాన ఉన్న ఎర్‌జాన్‌లో దిగితే అదే పాస్‌పోర్టు, అదే వీసా చేతిలో ఉన్నా సైప్రస్ ప్రభుత్వం మిమ్మల్ని అక్రమంగా ప్రవేశించినవారిగానే పరిగణిస్తుంది. కారణం తెలియకపోతే చవక టికెట్టు మాటే నెగ్గుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా వీసా సంగతి. సైప్రస్ 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరినా, నేను ఈ జవాబు రాస్తున్న నాటికి షెంజెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరిగే వీలున్న యూరప్ దేశాల సమూహంలో, భాగం కాలేదు. కాబట్టి భారత పౌరులు అక్కడికి వెళ్లాలంటే మామూలుగా సైప్రస్ దేశపు వీసాయే తీసుకోవాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. యూరోపియన్ పార్లమెంటు, కౌన్సిల్ కలిసి చేసిన 565/2014 నిర్ణయం ప్రకారం, షెంజెన్ దేశాలు రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రవేశాలకు ఇచ్చిన వీసాలను, ఆ దేశాల దీర్ఘకాలిక వీసాలను, నివాస పర్మిట్లను తన సొంత వీసాతో సమానంగా గుర్తించే వెసులుబాటు సైప్రస్‌కు కలిగింది. 180 రోజుల్లో 90 రోజులు మించని బసకే ఇది వర్తిస్తుంది. మీ వీసా స్టిక్కర్ మీద ఎంట్రీల సంఖ్య అన్న చోట "మల్ట్" అని ఉందా, గడువు తేదీ మీ సైప్రస్ బస ముగిసే రోజును దాటి ఉందా అన్నవి మీ కళ్లతో మీరే చూసుకోండి. ఏజెంటు చెప్పాడనో, కాన్సులేట్ ఇచ్చిన కవరు మీద రాసి ఉందనో నమ్మి ఊరుకోవద్దు. అక్కడ ఒకే ప్రవేశం అని ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. పైగా షెంజెన్ ప్రాంతం నుంచి బయటికి అడుగుపెట్టాక తిరిగి మీ అమ్మాయి ఇంటికి వెళ్లడానికి కూడా ఆ వీసా పనికిరాదు. ఒకటి రెండు దేశాలకే పరిమితం చేసి ఇచ్చే వీసా అయినా ఇదే ఇబ్బంది, ఎందుకంటే 2014 నాటి నిర్ణయం మాట్లాడేది షెంజెన్ ప్రాంతమంతటా చెల్లే వీసా గురించే.

మీ మేనల్లుడి ప్రణాళికలో మొదటి చిక్కు ఇక్కడే ఉంది. జర్మనీ మీకు వీసా ఇచ్చింది మీ ప్రధాన గమ్యం జర్మనీ అని నమ్మి. ఒక్కసారైనా షెంజెన్ ప్రాంతంలో అడుగుపెట్టకుండా దానిని ముందు సైప్రస్ ప్రవేశానికి వాడుకోవడం మంచిది కాదు; ఒకసారి వాడిన వీసాతో రావడమే సైప్రస్ అధికారుల దగ్గర నిక్కచ్చిగా నిలుస్తుంది. కాబట్టి హైదరాబాద్ నుంచి ముందు మ్యూనిక్‌కే వెళ్లండి. కాన్పు అయి, తల్లీబిడ్డలు కాస్త కుదుటపడ్డాక, అక్కడి నుంచి లార్నకాకు వెళ్లి రండి.

రోజుల లెక్క మీకు అనుకూలంగానే ఉంది. సైప్రస్ షెంజెన్‌లో లేనంత కాలం అక్కడ గడిపిన రోజులు షెంజెన్‌లో 180 రోజులకు అనుమతించే 90 రోజుల్లో కలవవు. ఉదాహరణకు మ్యూనిక్‌లో 40 రోజులు ఉండి, 6 రోజులు సైప్రస్‌లో గడిపి, మళ్లీ మ్యూనిక్ వచ్చి 45 రోజులు ఉంటే షెంజెన్ లెక్కకు వచ్చేవి 85 రోజులే. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ పూర్తి రోజులుగానే లెక్కిస్తారన్నది మాత్రం మరచిపోవద్దు. 2025 అక్టోబరు 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త వ్యవస్థ మొదలైంది కనుక, ఒక రోజు అటూ ఇటూ అయినా అధికారి కంట పడదులే అని అనుకోవడానికి ఇప్పుడు వీలు లేదు. సైప్రస్ షెంజెన్‌లో చేరే ప్రయత్నం సాగుతోంది. అది చేరిన రోజున ఈ లెక్క మారిపోతుంది, ఆ ఆరు రోజులు కూడా 90లో కలుస్తాయి. టికెట్లు కొనే ముందు న్యూఢిల్లీలోని సైప్రస్ హైకమిషన్‌కు ఈమెయిల్ రాసి, మీ వీసా రకం చెప్పి, వారిచ్చే లిఖితపూర్వక జవాబును ముద్రించి దగ్గర పెట్టుకోండి. విమానం ఎక్కించే ఎయిర్‌లైన్ ఉద్యోగికి చూపడానికి కూడా అది ఉపయోగపడుతుంది, ఎందుకంటే చాలామందిని ఆపేది సరిహద్దు అధికారి కంటే ముందు చెక్-ఇన్ కౌంటరులోనే.

ఇక అసలు విషయం. ఆ ద్వీపం 1974 జూలైలో తుర్కీ సైన్యం దిగినప్పటి నుంచి రెండు ముక్కలై ఉంది. ఉత్తరాన మూడో వంతుకు పైగా భూభాగం సైప్రస్ ప్రభుత్వ అదుపులో లేదు. 1983 నవంబరు 15న అక్కడి నాయకత్వం దానిని వేరే దేశంగా ప్రకటించుకుంది. ఆ ప్రకటన చెల్లదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అదే నెలలో 541వ తీర్మానం ద్వారా చెప్పింది. తుర్కీ తప్ప మరే దేశమూ దానిని గుర్తించలేదు, భారతదేశమూ గుర్తించలేదు. చట్టం దృష్టిలో ఉత్తర భాగం కూడా సైప్రస్ రిపబ్లిక్‌దే, ఆ కారణంగా యూరోపియన్ యూనియన్‌దే. కానీ ప్రభుత్వ అదుపులో లేని ప్రాంతంలో యూనియన్ చట్టాల అమలును 2003 నాటి చేరిక ఒప్పందంలోని పదో ప్రోటోకాల్ నిలిపి ఉంచింది. అందుకే ఉత్తరాన ఇచ్చే విద్యార్థి పర్మిటు యూరప్ నివాస పర్మిటు కాదు. "యూరప్ చదువు" అని చెప్పి మన ఊళ్లలో పిల్లల్ని అటు పంపే ఏజెంట్లు ఈ ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లలో అప్పుల బాధ తప్పేది.

ఈ స్థితి వల్లే సైప్రస్ ప్రభుత్వం తన అదుపులో లేని ఎర్‌జాన్ విమానాశ్రయాన్ని, కైరీనియా, ఫమగుస్తా రేవులను ద్వీపంలోకి ప్రవేశించడానికి చట్టబద్ధమైన ద్వారాలుగా ఒప్పుకోదు. లార్నకా, పాఫోస్ విమానాశ్రయాలు, లిమాసోల్ వంటి దక్షిణాది రేవులు మాత్రమే చట్టబద్ధం. మీరు ఎర్‌జాన్‌లో దిగి చెక్‌పోస్టు దగ్గరికి వస్తే, అక్కడి పోలీసు చూసేది మీ వీసా ఒక్కటే కాదు, మీరు ఈ ద్వీపంలోకి ఏ ద్వారం గుండా వచ్చారన్నది కూడా. యూరప్ పౌరుల విషయంలో ఆచరణలో చూసీ చూడనట్టు వదిలేస్తారు, మీ మేనల్లుడు తోటి విద్యార్థుల్లో అటువంటివారిని చూసి ఉండవచ్చు. ఆ సడలింపును భారత పాస్‌పోర్టుదారులు ఆశించకూడదు. చెక్‌పోస్టు నుంచి వెనక్కి పంపడం అన్నిటికంటే చిన్న నష్టం. అలా పంపితే లార్నకా నుంచి మ్యూనిక్‌కు కొన్న టికెట్టు పోతుంది, మీరు తిరిగి ఎర్‌జాన్ నుంచి తుర్కీ మీదుగానే వెళ్లాలి. అంతకు మించి జరిగి, అక్రమ ప్రవేశం కింద మీ మీద చర్య తీసుకొని ప్రవేశ నిషేధం విధిస్తే, సైప్రస్ 2023 జూలైలో షెంజెన్ సమాచార వ్యవస్థతో అనుసంధానమైంది కనుక ఆ సంగతి జర్మనీ సరిహద్దు అధికారి తెర మీద కూడా కనిపించే వీలుంది. నాలుగు వేల రూపాయలు మిగులుతాయని, కన్న కూతురి కాన్పుకు వెళ్లే దారికి ఎవరూ అడ్డు తెచ్చుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

మరి మేనల్లుణ్ణి చూడటం ఎలా? దానికి చట్టబద్ధమైన మార్గం ఉంది. లార్నకాలో దిగి, రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజధాని నికోసియాకు వెళ్లండి. అక్కడ పాతబస్తీ నడిబొడ్డున లెడ్రా వీధిలో కాలినడకన దాటే చెక్‌పోస్టు ఉంది, వాహనాలకు ఆయియోస్ డొమెటియోస్ దగ్గర మరొకటి ఉంది. యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ 866/2004 నిబంధన ఉత్తర, దక్షిణాలను విడదీసే గీతను దేశ సరిహద్దుగా కాక, ఒకే దేశంలో అదుపు లేని ప్రాంతానికీ ఉన్న ప్రాంతానికీ మధ్య గీతగా చూస్తుంది. చట్టబద్ధంగా దక్షిణాన ప్రవేశించి, చెల్లే పాస్‌పోర్టు, వీసా చేతిలో ఉన్న విదేశీయులు నిర్ణీత చెక్‌పోస్టుల గుండా దాటి తిరిగి రావచ్చు. లార్నకాలో పాస్‌పోర్టు మీద వేసే ప్రవేశ ముద్ర తిరిగి వచ్చేటప్పుడు మీకు రక్ష, అది స్పష్టంగా పడిందో లేదో అక్కడే చూసుకోండి. ఉత్తరం వైపు తనిఖీ చేసేది అక్కడి యంత్రాంగం. భారతీయుల విషయంలో ఆ రోజు వాళ్ల పద్ధతి ఏమిటో మీ మేనల్లుణ్ణి ముందుగా కనుక్కోమనండి. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేలా పెట్టుకోండి, రాత్రి అక్కడ ఉండవద్దు. భారత హైకమిషన్ ఉన్నది దక్షిణ నికోసియాలోనే. ఉత్తరాన జబ్బు చేసినా, పాస్‌పోర్టు పోయినా వారు చేయగలిగింది చాలా పరిమితం. దక్షిణాన అద్దెకు తీసుకున్న కారు బీమా గీత దాటితే చెల్లదు కనుక నడిచే వెళ్లండి.

మీకోసం దక్షిణం వైపు రమ్మని మాత్రం అబ్బాయిని అడగవద్దు. వాడు ఎర్‌జాన్ మీదుగా వెళ్లి, సైప్రస్ రిపబ్లిక్ వీసా లేకుండా ఉన్నవాడైతే చెక్‌పోస్టులో వాణ్ణి దాటనివ్వరు. చెక్‌పోస్టు కాని చోట పొలాల గుండా దాటించే మనుషులు ఉంటారని ఎవరైనా చెబితే ఆ మాట చెవిన పెట్టవద్దని గట్టిగా చెప్పండి. అది నేరం, నిర్బంధానికి, వెనక్కి పంపడానికి దారి తీస్తుంది. వాడికి దక్షిణం చూడాలని ఉంటే, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సైప్రస్ హైకమిషన్‌లో వీసా తీసుకొని లార్నకాలో దిగాలి.

దక్షిణాన ఉన్నప్పుడు బీచ్‌లు చూడాలనుకుంటే ఒక మాట: లార్నకా నుంచి ఫమగుస్తా వైపు, గీతకు దక్షిణానే ఉన్న బీచ్‌లకు వెళ్లే రహదారి కొంత దూరం డెకేలియా బ్రిటిష్ సైనిక స్థావరం భూమి మీదుగా పోతుంది. 1960లో స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు బ్రిటన్ తన దగ్గర ఉంచుకున్న రెండు స్థావరాల్లో అదొకటి. అక్కడ మామూలు ప్రయాణికులకు సరిహద్దు తనిఖీ ఉండదు, బ్రిటన్ వీసా అవసరం లేదు.

సైప్రస్ విమానం ఎక్కేటప్పుడు మ్యూనిక్‌కు తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు, ఖర్చుకు డబ్బుందని చూపే బ్యాంకు స్టేట్‌మెంటు లేదా కార్డు, మీ అమ్మాయి జర్మనీ చిరునామా ఉన్న ఆహ్వాన లేఖ వెంట ఉంచుకోండి. వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం హక్కు కాదు, సరిహద్దు అధికారి వీటిని అడిగే అధికారం ఉన్నవాడు. మీ ప్రయాణ బీమా షెంజెన్ నిబంధన ప్రకారం కనీసం 30,000 యూరోలకు ఉండి ఉంటుంది, కానీ కొన్ని పాలసీలు షెంజెన్ దేశాలకే వర్తిస్తాయని రాసి ఉంటుంది. సైప్రస్ పేరు అందులో ఉందో లేదో చూసి, లేకపోతే ఆ ఆరు రోజులకు చేర్పించుకోండి. మీ వయసులో ఈ ఒక్క పని అశ్రద్ధ చేయవద్దు.