డెబియన్‌లో డీఎన్‌ఎఫ్, ప్యాక్‌మ్యాన్ ఎందుకు? వాటి మెయింటెనెన్స్ ఒప్పుకోవచ్చా?

మీరు రెండు విషయాలు అడిగారు: డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ రిపోజిటరీలో (సాఫ్ట్‌వేర్ దించుకునే చోట) ఆర్‌పీఎం, డీఎన్‌ఎఫ్ (ఫెడోరా వాళ్లవి), ప్యాక్‌మ్యాన్ (ఆర్చ్ వాళ్లది) లాంటి పరాయి డిస్ట్రిబ్యూషన్ల ప్యాకేజీ టూల్స్ అసలెందుకు పెట్టారు, మీ టీమ్ వాళ్లు వాటిని మెయింటెయిన్ చేయమంటే ఒప్పుకోవాలా వద్దా అని. మా ఆఫీసులో డెబియన్ మీద కట్టుకున్న సొంత డిస్ట్రిబ్యూషన్ ఒకటుంది. అందులో ఈ మూడూ నాలుగేళ్లుగా నా నెత్తినే ఉన్నాయి కాబట్టి చెబుతున్నా.

మొదటిదానికి జవాబు చిన్నదే. ఫెడోరా ప్యాకేజీలు తెచ్చి మీ డెబియన్‌లో వేసుకోవడానికి మాత్రం కాదు. కంటెయినర్ (మెషీన్‌లోనే విడిగా నడిచే చిన్న సిస్టమ్) ఇమేజ్ కోసమో టెస్టింగ్ కోసమో ఒక ఖాళీ ఫోల్డర్‌లో ఫెడోరానో ఆర్చ్‌నో పూర్తిగా నిలబెట్టాలనుకోండి, ఫెడోరాకైతే డీఎన్‌ఎఫ్‌కి ఇన్‌స్టాల్‌రూట్ ఆప్షన్, ఆర్చ్‌కైతే ప్యాక్‌మ్యాన్‌కి రూట్ ఆప్షన్ ఇచ్చి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. అటు ఫెడోరాలో డెబియన్ వాళ్ల డీపీకేజీ (ప్యాకేజీ టూల్), డెబూట్‌స్ట్రాప్ (ఫోల్డర్‌లో డెబియన్ నిలబెట్టే టూల్) ఉన్నదీ ఇందుకే. (ఫెడోరా 32కి ముందు అక్కడ ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు దించే టూల్) అన్న పేరుతో ఉన్నది ఆర్‌పీఎంతో నడిచే వేరే సరుకు, పేరు చూసి చాలామంది మోసపోయేవాళ్లు.)

డెబియన్‌లో ఆర్‌పీఎంతో నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే అది ఆపి, ఏలియన్ (ఆర్‌పీఎం ప్యాకేజీని డెబియన్ ప్యాకేజీగా మార్చే టూల్) వాడుకో అని చెబుతుంది, కాదూ కూడదంటే ఫోర్స్ డెబియన్ అనే ఆప్షన్ ఉంది. నేను కొత్తలో ఒక డ్రైవర్ ప్యాకేజీ కోసం ఆ ఆప్షన్ ఇచ్చేశాను. ఆర్‌పీఎం డేటాబేస్ ఖాళీగా ఉంటుంది కదా, మెషీన్‌లో ఉన్న సీ లైబ్రరీ కూడా లేదంటుంది, దాంతో డిపెండెన్సీ చెకింగ్ కూడా ఆపేశా. అది డెబియన్ వాళ్ల లైబ్రరీ ఫైల్ ఒకదాని మీద తన ఫైల్ రాసేసింది, ఒక్క మాట అనలేదు, ఎందుకంటే ఏ ఫైల్ ఎవరిదో అది తన డేటాబేస్‌లోనే చూసుకుంటుంది. తర్వాత ఆ ప్యాకేజీని తీసేస్తే ఫైల్ కూడా పోయింది. డీపీకేజీలో వెరిఫై నడిపితే గానీ ఏం పోయిందో తెలియలేదు.

ఇక మెయింటెనెన్స్. కోడ్ కంపైల్ చేయడం పెద్ద పనేం కాదు, టెన్షన్ అంతా వెర్షన్ల దగ్గరే. మీ స్టేబుల్ రిలీజ్ కదలదు, అవతలి డిస్ట్రిబ్యూషన్ మాత్రం తన దారిన తాను మారిపోతుంది. డెబియన్ నుంచే పుట్టిన ఉబుంటు, 21.10 రిలీజ్‌లో డెబ్ (డెబియన్ తరహా) ప్యాకేజీలకు జెడ్‌ఎస్‌టీడీ కంప్రెషన్ పెట్టింది, డెబియన్ 11లోని డీపీకేజీ వాటిని తెరవలేకపోయింది, 2023లో డెబియన్ 12 వచ్చాక గానీ కుదరలేదు. ఒకే టూల్ వాడే అన్నదమ్ముల మధ్యే ఇలా ఉంటే పరాయివాళ్ల సంగతి చెప్పాలా?

నన్ను రెండు రోజులు తిప్పింది ఇంకొకటి. ఫెడోరా ఇమేజ్ తయారైంది, బూట్ అయింది, కానీ లోపలికి వెళ్లి ఏ ప్యాకేజీలు ఉన్నాయని అడిగితే ఒక్కటీ లేదంటోంది! చివరికి తేలిందేమిటంటే, అప్పటి డెబియన్ ఆర్‌పీఎంలో ఉన్న ఒక ప్యాచ్ వల్ల డేటాబేస్ హోమ్ డైరెక్టరీలోకి వెళ్తోంది, ఫెడోరా ఏమో 36 నుంచి దాన్ని యూఎస్‌ఆర్ డైరెక్టరీ కిందకి మార్చుకుంది. ప్యాచ్ పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, హోస్ట్‌ని, అంటే టూల్ నడిచే డెబియన్ మెషీన్‌ని కాపాడాలని. ఇమేజ్ కట్టేవాళ్లకే తంటా. బిల్డ్ అయ్యాక డేటాబేస్‌ని సరైన చోటికి జరిపే స్క్రిప్ట్ ఒకటి రాసి గట్టెక్కాను.

కీరింగ్ (ప్యాకేజీల మీది సంతకాలు సరిచూసే కీల కట్ట) ప్యాకేజీలు కూడా మీ లెక్కలోకే వస్తాయి. ఆర్చ్ కీరింగ్ పాతబడితే సంతకాలు సరిపోవు, బిల్డ్ ఆగుతుంది, ఎవరో ఒకరు సిగ్నేచర్ చెకింగ్ ఆపేద్దాం అంటారు, ఒప్పుకోకండి. ఇంకోటి, డీఎన్‌ఎఫ్‌తో పాటు మెటాడేటా (రిపోజిటరీలోని ప్యాకేజీల వివరాలు) తనంతట తానే దించే టైమర్ వస్తుంది, దాన్ని ఆఫ్ చేసి ప్యాకేజ్ చేయండి, నేను మర్చిపోయి రిలీజ్ చేశాను, ఫెడోరా ఊసే లేని సర్వర్లు కూడా అర్థం లేకుండా నెట్ మీద పడ్డాయి.

స్టేబుల్‌లో కూడా ఈ టూల్స్‌ని, కీరింగ్‌లను అప్‌డేట్ చేసుకునే అనుమతి ముందే ఇస్తేనే ఒప్పుకోండి. ఇచ్చాక ప్రతి వారం ఫెడోరా, ఆర్చ్ ఒక్కొక్కటి ఖాళీ ఫోల్డర్‌లో కట్టి చూసే జాబ్ ఒకటి పెట్టుకోండి, నాకు సగం బగ్‌లు అందులోనే దొరుకుతాయి. అనుమతి లేదంటే ఆ టూల్స్‌ని కంటెయినర్‌లో వాడుకోమని చెప్పేయండి. ఎవరికైనా ఆర్‌పీఎం ప్యాకేజీ లోపలి ఒక్క ఫైల్ కావాలంటే ఇదేదీ అక్కర్లేదు, ఆర్‌పీఎం2సీపీఐఓతో విప్పుకుంటే సరిపోతుంది.