తక్కువ డబ్బుతో తీసిన మరాఠీ సినిమాలకు అంత పేరు ఎలా వస్తోంది? మనవాళ్ళెందుకు తీయరు?

మాది సోలాపూర్. తాతల కాలంలో మగ్గాల పని మీద వచ్చి తూర్పు భాగంలో స్థిరపడిన పద్మశాలీలం. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. అందుకే 'ఫండ్రీ' అనే మరాఠీ సినిమా గురించి చెప్తాను, దాన్ని తీసిన నాగరాజ్ మంజులేది మా జిల్లాలోనే కర్మాళా తాలూకా.

ఆ సినిమాకి ఖర్చు రెండు కోట్ల లోపే అని అప్పట్లో రాశారు. ఎలా సరిపోయిందంటే, సెట్లు లేవు, స్టార్లు లేరు, తనకు తెలిసిన ఊళ్ళు, తనకు తెలిసిన మనుషులు. హీరో జబ్యాగా వేసిన సోమనాథ్ అవఘడే అంతకు ముందు సినిమాల్లో చేసినవాడు కాదు, అతనికే ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. తండ్రి పాత్రకి మాత్రం అనుభవమున్న కిశోర్ కదమ్‌ని తీసుకున్నారు (ఆయన మంచి కవి కూడా). అందరూ కొత్తవాళ్ళయితే ఆ ఇంటి బరువు మోసేవాళ్ళుండరు, అది తెలివైన పని అనిపించింది నాకు.

2014 ఫిబ్రవరిలో హాల్లో చూశాను. ఊళ్ళో చిన్నచూపు చూసే కైకాడీ కులపు కుటుంబం, ఊరి జాతరకి అడ్డం వస్తున్నాయని పందుల్ని పట్టమని పెద్దలు పురమాయిస్తారు. బడి పిల్లలంతా చూస్తుండగా తండ్రీ, పిల్లలూ పంది వెనక పరిగెడుతుంటే హాల్లో జనం పడీ పడీ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. సరిగ్గా పంది చేతికి చిక్కేలోపు బడిలో జనగణమన మొదలవుతుంది, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిటారుగా నిలబడిపోతారు. అక్కడ నవ్వు కొంచెం తగ్గింది. తర్వాత చచ్చిన పందిని కర్రకి కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేద్కర్, ఫూలే దంపతుల బొమ్మలు. ఇక చివర్లో జబ్యా విసిరే రాయి (చూడనివాళ్ళు ఈ ముక్క వదిలేయండి) నేరుగా మన మొహం మీదకే వస్తుంది, అంతే, తెర నల్లబడుతుంది. బయట బండి స్టాండ్ దగ్గర ఒకాయన "ఇదేం ముగింపయ్యా, కథ పూర్తి కాలేదు" అని తిడుతుంటే ఆయన కొడుకు మాత్రం మాట్లాడకుండా కిక్ కొడుతూ ఉన్నాడు. ఆ కుర్రాడికి అర్థమైందనే నా అనుమానం.

అయితే మీ ప్రశ్నలో అసలు మెలిక ఇక్కడుంది. తీయడానికి డబ్బు తక్కువైనా, జనం దాకా తీసుకెళ్ళడానికి తక్కువ సరిపోదు. 'ఫండ్రీ' వెనక జీ సంస్థ నిలబడింది. అదే లేకపోతే సినిమా పండగల్లో (ఫెస్టివల్స్‌లో) బహుమతులు కొట్టి మూలన పడేది. మరాఠీ సినిమాకి మహారాష్ట్రలోనే మంచి ఆటలు దొరకవు, 2015లో మల్టీప్లెక్సులు సాయంత్రం ఆట ఇవ్వాలని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది, దాని మీద పెద్ద గొడవైతే మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది లోపు ఎప్పుడైనా సరేనని సర్దుకున్నారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'సైరాట్' వంద కోట్లు దాటింది, అదీ ఇదే దర్శకుడిది, కానీ దాన్ని చూపించి "చూశారా, తక్కువ బడ్జెట్" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది, దానికి సంగీత దర్శకులు అజయ్-అతుల్ చేసిన పాటలు ముందే ఊళ్ళన్నీ తిరిగేశాయి, పెళ్ళిళ్ళలో, తర్వాత గణపతి ఊరేగింపుల్లో ఆ పాటలు తప్ప ఇంకోటి వినపడేది కాదు.

మనవాళ్ళు తీయలేదనడం మాత్రం తప్పు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' అచ్చం ఇలాగే, విశాఖలో ఆ పేటవాళ్ళనే పెట్టి తీశారు. దాన్నీ సురేష్ ప్రొడక్షన్స్ చేతుల్లోకి తీసుకున్నాకే జనం దాకా వచ్చింది. కాబట్టి మీరు తీసే ఆలోచనలో ఉంటే, కెమెరా అద్దె బేరం ఆడే ముందే విడుదల చేసేవాళ్ళెవరో చూసుకోండి.