అమ్మడూ, ఆ ఏడుపు వేణువు మాత్రం వద్దు

చిరంజీవి అమ్మడికి తాతయ్య ఆశీస్సులు.

విజయవాడలో చక్రాల కుర్చీలో నాట్యం చేసే అమ్మాయి మీద డాక్యుమెంటరీ తీస్తున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన వంశంలో కెమెరా పట్టినవాళ్లు లేరు కనుక ముందు పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు పెట్టబోయే సంగీతం గురించే బెంగ.

అనుమతులు కాగితం మీద తీసుకో. తీసినదాన్ని రెండు చోట్ల దాచు. ఆ అమ్మాయికి ఇచ్చే డబ్బు ముందే మాట్లాడు. ‘మీకు పేరొస్తుంది కదా’ అనే మాట నీ నోట వచ్చిందని తెలిస్తే మా గుమ్మం తొక్కనివ్వను.

మా వయొలిన్ విద్వాంసుడి సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. కచేరీల్లో ఏళ్ల తరబడి ఆయన పక్కన మృదంగం వాయించాను. ఒకసారి కచేరీ మధ్యలో కరెంటు పోయింది, అదే సమయానికి ఆయన తీగ తెగింది. మేమంతా అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటుంటే ఆయన కొత్త తీగ బిగించి, శ్రుతి చేసుకుని, వదిలిన చోటు నుంచి అందుకున్నారు.

అలాంటి మనిషి మీద చిత్రం తీయడానికి ఒక టీవీ బృందం వచ్చింది. దర్శకుడు ‘ఒక్కసారి తడుముకుంటూ రండి సార్’ అన్నాడు. తన ఇంట్లో గోడ ముట్టుకోకుండా నడిచే ఆయన నవ్వి, ‘దేన్ని తడమాలి బాబూ?’ అన్నారు. రోజూ ఒంటరిగా దాటే వీధినే భార్య చెయ్యి పట్టించి దాటించారు. చివర్లో కల్యాణి రాగం వాయించమన్నారు. అరగంట ఆలాపన చేశారు. కృతి ఎత్తుకున్నాక కూడా నాకు మృదంగం ముట్టుకోబుద్ధి కాలేదు.

ప్రసారం నాడు అందరం వాళ్లింట్లో చేరాం. మేం చూశాం, ఆయన విన్నారు. కల్యాణి రెండు సంగతులు పలికిందో లేదో, దాని మీద ఒక వేణువు ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు మీద ‘విధి వంచించినా’ అంటూ ఒక గంభీరమైన గొంతు. ఆయన నా వైపు తల తిప్పి ‘నా కల్యాణి ఏమైందయ్యా?’ అని అడిగారు. ఏం చెప్పను? వాళ్లావిడ లేచి టీవీ కట్టేసింది. ఆ తర్వాత సభలవాళ్లు ఆయనకు ముందు పది నిమిషాలు ఇచ్చి, శాలువా కప్పి పంపడం మొదలుపెట్టారు. ఆ శాలువాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారికీ చూపు సరిగా ఆనేది కాదు. విజయనగరం సంగీత కళాశాలకు ప్రధానాచార్యులుగా చేశారు. ఆయన కమాను గురించి మాట్లాడుకున్నవాళ్లకు కళ్ల గురించి మాట్లాడే తీరిక ఎక్కడిది?

వేణువు మీద నాకు పగ లేదు. 1986లో ‘సిరివెన్నెల’ వచ్చినప్పుడు మీ నాయనమ్మను వెంటబెట్టుకెళ్లి చూశాను. అందులో వేణువు ఊదే అంధుడుగా, మాటలు రాని చిత్రకారిణిగా వేసిన ఇద్దరికీ ఆ లోపాలు లేవని అప్పుడు ఆలోచన కూడా రాలేదు. ‘మయూరి’ సినిమా అలా కాదు. 1981 ప్రమాదం తర్వాత కుడికాలు పోయి, జైపూర్ కృత్రిమ కాలుతో మళ్లీ గజ్జె కట్టిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. ఆమె తర్వాత హిందీ సీరియళ్లలో ఇంతింత బొట్లు పెట్టుకుని ప్రతినాయికగా అదరగొట్టడం నాకు ఇంకా నచ్చింది. ఆ కుట్రలకూ కాలికీ సంబంధమే లేదు. నువ్వు తీసే అమ్మాయి కోపిష్టి అయితే ఆ కోపం కూడా తియ్యి.

2024 జులైలో సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో ఈ విషయం మీదే మార్గదర్శకాలు ఇచ్చింది. వికలాంగులను వెక్కిరించడమే కాదు, అసాధారణ వీరులుగా ఆకాశానికెత్తడం కూడా మూస చిత్రణేనంది. ‘బాధితులు’, ‘పీడితులు’ లాంటి మాటలు వద్దంది. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లను కలుపుకోమంది. తీర్పు తెప్పించుకుని చదువు.

చిత్రానికి ‘రెక్కలు తెగిన నెమలి’ అని పేరు పెట్టావట. బుద్ధి ఉందా? మార్చు. నీది మంచి మనసని నాకు తెలుసు తల్లీ, ఆ దర్శకుడిదీ మంచి మనసే.

కెమెరాను ఆమె కళ్ల ఎత్తుకు దించు. పైనుంచి తీస్తే ఎంతటివాళ్లయినా దీనంగా కనిపిస్తారు. వేదికకు మెట్లే ఉండి, నలుగురు ఆమెను కుర్చీతో సహా బియ్యం బస్తాలా ఎత్తుకెళ్తుంటే, ఆమె ఒప్పుకుంటే ఆ మెట్లను తియ్యి. ర్యాంపు ఎందుకు కట్టలేదని నిర్వాహకులను కెమెరా ముందే అడుగు. నాట్యం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్క అంశమైనా కోత లేకుండా ఉంచు, దాని సొంత పాటతో. కూర్పు అయ్యాక మొదట ఆమెకే చూపించు. తీసేయమన్నది తీసేయ్, బేరమాడకు.

మృదంగం కావాలంటే కబురు చెయ్యి, వస్తాను. ఈ మధ్య ఎడమ చెయ్యి కాస్త వణుకుతోంది. దాన్ని దగ్గరగా తీశావంటే ఊరుకోను.

మీ తాతయ్య