వెనక టైర్లు లోపలి అంచున ఎందుకు అరుగుతున్నాయి?

ప్రశ్న: నాది 1994 మాజ్డా మియాటా కారు. అలైన్‌మెంట్ చేయించినా వెనక టైర్లు లోపలివైపు అరిగిపోతున్నాయి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) తగ్గించమనాలా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: మొదట టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం, చూపించండి. మైనస్ ఒకటిన్నర డిగ్రీల (పైభాగం లోపలికి వాలిన) క్యాంబర్‌కే టైరు అంత త్వరగా పోదు. టో తప్పితే రబ్బరు రోడ్డుకు రాసుకుని అంచు రంపంలా తేలుతుంది; చేత్తో నిమిరితే తెలిసిపోతుంది. ముందు చక్రాల టో ఒక్కటే సరిచేసి పంపేసే షాపులు బోలెడు. ఈ కారుకు వెనక కూడా క్యాంబర్, టో రెండూ మారతాయి, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌ల క్యామ్ బోల్టులతో (తిప్పితే ఆర్మ్‌ను జరిపే బోల్టులు). అవి తుప్పుపట్టి బుష్‌లో (ఆర్మ్ చివరి రబ్బరు తొడుగులో) బిగుసుకుపోతాయి, ముందురోజే పెనట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. అలైన్‌మెంట్ చేసేటప్పుడు టైర్లలో 26 పీఎస్ఐ గాలి, డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండాలి. మొదట వెనక చక్రాలు, ఆపైన ముందరి క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం), క్యాంబర్, చివర్న టో. క్యాంబర్ కదిపితే టో మారుతుంది మరి. వెనక మొత్తం 2 మిల్లీమీటర్ల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) చాలు. బోల్టులు కారు చక్రాల మీద నిలబడ్డాకే బిగించమనండి, లేకపోతే బుష్‌లు మెలితిరిగి చిరుగుతాయి.