ప్రపంచ పేదరికం తగ్గించడంలో ఊళ్లో మామూలు జనం కలిసి చేయగలిగింది ఏమన్నా ఉందా?

ఉంది, కానీ చందాలు పోగేసి బియ్యం, బట్టలు పంచడం కాదు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్ నుంచి రోజుకు 3 డాలర్ల లోపు బతికేవాళ్లను కడుపేదల లెక్కలో వేస్తోంది (దేశాల ధరల తేడాకు సరిచేసిన డాలర్లు ఇవి, మారకం రేటుతో గుణించొద్దు). ఆ గీత దాటాలంటే అప్పు ఎంత వడ్డీకి పుడుతుందన్నది చాలా ముఖ్యం. మా చిత్తూరు పల్లెల్లో ఆవు కొనడానికి బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, ఏడాదికి 36 శాతం, పాల డబ్బులు చాలావరకు దానికే పోతాయి. అదే పదిమంది ఆడవాళ్లు డ్వాక్రా గ్రూపుగా చేరి నెలనెలా పొదుపు వేసుకుంటూ, పుస్తకాలు సరిగ్గా రాసుకుంటే, తాకట్టు లేకుండానే బ్యాంకు అంతకన్నా తక్కువ వడ్డీకి లోను ఇస్తుంది. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పాల కేంద్రం దగ్గర ధర తేల్చే వెన్న శాతం తక్కువ చూపించారని ఒక్కరే అడిగితే ఎవరూ పట్టించుకోరు, పదిమందీ నిలబడితే పాలు మళ్లీ టెస్ట్ చేస్తారు.

అలాగని గ్రూపు ఉంటే అన్నీ అయిపోవు. కంతు కట్టడానికి ఇంకోచోట అప్పు చేసేవాళ్లూ ఉన్నారు. సెంటు భూమి, పిడికెడు మేత లేని ఇంటికి ఆవు లోను అదనపు టెన్షనే, వాళ్లకు ముందు ఉపాధి పని సరిగ్గా దొరికేలా గ్రామసభలో అందరూ కలిసి అడగండి.