సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి, ఫ్లూ టీకా వేయించుకోక తప్పదా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 52. ఖమ్మంలో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో నెట్టుకొస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు సూది అంటే చచ్చేంత భయం. కోవిడ్ టీకాకి స్కూల్లో క్యూలో నిలబడి, నా వంతు వచ్చేసరికి కళ్లు తిరిగి పడిపోయాను. అందరూ చూశారు. పోయిన వర్షాకాలంలో మా ఆవిడకి ఫ్లూ వచ్చి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంది. అప్పటి నుంచి డాలస్‌లో ఉండే మా అబ్బాయి ఫ్లూ షాట్ వేయించుకోమని ప్రతి ఆదివారం ఫోన్లో పోరుతున్నాడు. నాకు జలుబే తప్ప ఫ్లూ ఎప్పుడూ రాలేదు. ఏటా వేయించుకోవాలట, వేయించుకున్నవాళ్లకీ వస్తోందట, అలాంటప్పుడు దేనికి? ముక్కులో కొట్టే మందు ఉందని అబ్బాయే చెప్పాడు, అది సరిపోదా? ఇంకో మాట, ఈ భయంతోనే రక్త పరీక్షకి వెళ్లి ఏడాదిన్నర అయింది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘ఇంకో మాట’ అంటూ చివర్లో ఒక్క ముక్క చెప్పి వదిలేశారే, నాకు అన్నిటికంటే ఎక్కువ కంగారు కలిగించింది అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి, మనసులోనే జవాబు చెప్పుకోండి. ఇదే ఫ్లూ మందు రోజూ మింగే షుగర్ మాత్రలా, ఏడాదికి ఒక్క మాత్రగా వస్తే, ‘ఏటా ఎందుకు, వేసుకున్నా వస్తోందట కదా’ అని ఇన్ని ప్రశ్నలు అడిగేవారా? మంచినీళ్లతో మింగేసి దుకాణానికి వెళ్లిపోయేవారు కదా. అంటే మీ పేచీ టీకాతో కాదు, సూదితో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కథ. భయం అని చెప్పుకోవడానికి, అందులోనూ మగవాళ్లు, సిగ్గుపడతారు. ఆ సిగ్గుతో ‘నాకు నమ్మకం లేదండి’, ‘ఇమ్యూనిటీ ఉంది లెండి’ అంటారు. నమ్మకం లేదన్నవాళ్లకి నేను గంటసేపు లెక్కలు చెప్పినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే వాళ్ల అసలు ఇబ్బంది వేరు. మీరు మాత్రం భయమని రాశారు, పడిపోయానని కూడా దాచకుండా రాశారు. సగం పని అక్కడే అయిపోయింది.

ముందు ఆ పడిపోవడం గురించి మాట్లాడదాం. అది పిరికితనం కాదండి. కుక్కని చూసి, ఎత్తు చూసి భయపడేవాళ్లకి గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, అంతేగానీ మామూలుగా స్పృహ తప్పదు. సూది, రక్తం, గాయం చూసి పుట్టే భయం ఒక్కటే వేరే దారిలో పోతుంది. మొదట గుండె వేగం, బీపీ కాస్త పెరుగుతాయి, ఆ వెంటనే వేగస్ అనే నరం బ్రేకు తొక్కినట్టుగా రెండూ ఒక్కసారిగా దిగిపోతాయి, రక్తం కాళ్లలోకి జారిపోయి మెదడుకి చాలినంత అందదు. ఆవులింతలు రావడం, చెవుల్లో గుయ్ మనడం, చల్లచెమటలు, కడుపులో తిప్పినట్టు ఉండడం, చూపు మసకబారడం, ఆ తర్వాత పడిపోవడం. మీకు ఆ రోజు ఈ వరసలోనే జరిగి ఉంటుంది, గుర్తు చేసుకోండి. ఇది కుటుంబాల్లో నడిచే గుణం కూడా, మీ అమ్మగారి వైపో నాన్నగారి వైపో ఎవరికో ఒకరికి ఉండే ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి.

పైగా మన చిన్నతనంలో సూది ఎలా ఉండేదో మీకూ తెలుసు. స్టీలు గిన్నెలో గాజు సిరంజీ, సూదులు వేసి పొయ్యి మీద మరిగించేవాళ్లు, అదే సూది ఎంతమందికి వాడేవారో, మొన అరిగి మొద్దుబారిపోయేది. దానికి తోడు నడుముకి వేసే చిక్కటి పెన్సిలిన్ మందు, రెండు రోజులు సరిగా కూర్చోనిచ్చేది కాదు. అన్నం తినకపోతే సూది, అల్లరి చేస్తే సూది, ‘డాక్టర్ గారికి చెప్పి పొడిపిస్తా ఉండు’ అని ఇంటిల్లిపాదీ బెదిరించేవాళ్లు. ఐదేళ్ల పిల్లాడి బుర్రలో అలా పడ్డ ముద్ర యాభై ఏళ్లు వచ్చినా చెరిగిపోదు. (ఇది చదివే అమ్మమ్మలకీ, తాతయ్యలకీ నా విన్నపం, దయచేసి పిల్లల్ని సూదితో బెదిరించకండి.)

ఇప్పుడు ఫ్లూ టీకాకి వాడేది 23 నుంచి 25 గేజ్ సూది. 25 గేజ్ అంటే లావు సుమారు అర మిల్లీమీటరు. కొత్తది, ఒక్కసారి వాడి పడేసేది. లోపలికి పోయే మందు 0.5 మిల్లీలీటరు, మనింట్లో టీచెంచాలో పదో వంతు. భుజం కండలోకి వెళ్లి బయటికి రావడానికి మీరు మూడు అంకెలు లెక్కపెట్టేంత సమయం కూడా పట్టదు. నొప్పి ఉండదని అబద్ధం చెప్పను, చిన్న చురుకు ఉంటుంది. ఆ చురుక్కి కూడా భయమైతే లిడోకేన్, ప్రిలోకేన్ కలిసిన క్రీమ్ మందుల షాపులో దొరుకుతుంది, డాక్టర్‌ని అడిగి గంట ముందు భుజం మీద మందంగా రాసి పైన ప్లాస్టిక్ కాగితం అంటించుకుంటే చర్మం మొద్దుబారుతుంది.

కానీ మీ అసలు సమస్య నొప్పి కాదు, బీపీ పడిపోవడం. దానికి మందు అక్కర్లేని ఉపాయం ఉంది. స్వీడన్‌లో లార్స్ గోరాన్ ఓస్ట్ అనే మానసిక శాస్త్రవేత్త 1980లలో దీన్ని పద్ధతిగా తయారుచేసి పరీక్షించారు. కుర్చీలో కూర్చుని రెండు పిడికిళ్లు, చేతులు, పొట్ట, తొడలు, పిర్రలు అన్నీ ఒక్కసారి గట్టిగా బిగపట్టండి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు. పది, పదిహేను సెకన్లకి ముఖం వెచ్చబడినట్టు తెలుస్తుంది. అప్పుడు వదిలేయండి, పూర్తిగా సోలిపోకుండా మామూలు స్థితికి వచ్చేదాకానే. ఇరవై, ముప్పై సెకన్లు ఆగి మళ్లీ బిగించండి. అలా ఐదుసార్లు. రోజుకి మూడు, నాలుగు విడతలు, వారం రోజులు. కండలు బిగిస్తే కాళ్లలోకి జారిన రక్తం పైకి వస్తుంది, బీపీ నిలబడుతుంది, నిలబడితే మీరు పడిపోరు. మీకు హై బీపీ గానీ గుండె జబ్బు గానీ ఉంటే (ఉత్తరంలో రాయలేదు) మొదలుపెట్టే ముందు మీ డాక్టర్‌ని ఒక మాట అడగండి.

అందరూ ‘రిలాక్స్ అవ్వండి, గట్టిగా గాలి పీల్చి వదలండి’ అంటారు. ఉత్త టెన్షన్ పడేవాళ్లకి అది మంచిదే, మీలా స్పృహ తప్పేవాళ్లకి మాత్రం ఉల్టా అవుతుంది. అసలే దిగిపోతున్న బీపీ, ఒళ్లు వదిలేస్తే ఇంకా దిగుతుంది. నా దగ్గరికి ఒక లారీ డ్రైవర్ వచ్చేవారు, ఆరడుగుల మనిషి. రాత్రంతా ఘాట్ రోడ్డులో బండి నడిపి వచ్చినా చెక్కుచెదరడు, ఇన్సులిన్ మొదలుపెడదాం అనేసరికి చెవి తమ్మెలు తెల్లగా పాలిపోయాయి, ‘ఒక్క నిమిషం మేడమ్’ అంటూ కుర్చీ చెయ్యి పట్టుకున్నారు, మా నర్సు అందుకోకపోతే తల బల్లకి తగిలేది. ఆయనకి ఈ బిగించే పద్ధతి నేర్పాం. మొదటి వారం సూది లేని సిరంజీ చేతికిచ్చి ఇంటికి పంపాం, చూస్తూ ఉండమని. రెండో వారం దాన్ని పొట్ట మీద ఆనించుకోమన్నాం. ఆ తర్వాత మూతపెట్టిన సూదితో. నెలన్నరకి తన పొట్టలో తనే ఇన్సులిన్ పొడుచుకున్నారు, పక్కన నేనున్నాను, కాళ్లు రెండూ బిగించి కూర్చున్నారు, నుదుటి మీద చెమట ఉంది గానీ పడిపోలేదు. మీరూ అలాగే మెట్టు మెట్టుగా వెళ్లండి, ముందు ఫొటో, తర్వాత వీడియో, తర్వాత సిరంజీ, తర్వాత ఊరికే క్లినిక్‌లో పావుగంట కూర్చుని రావడం. ఒక మెట్టు దగ్గర భయం సగానికి దిగాకే తర్వాతి మెట్టు ఎక్కండి. మీ వల్ల కాకపోతే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడానికి ఏమాత్రం మొహమాటపడకండి, తొందరగా గుణం కనిపించే భయాల్లో ఇదొకటి.

ఇక మీ ప్రశ్నలు. ‘ఫ్లూ ఎప్పుడూ రాలేదు’ అన్నారు. మనం ప్రతి పడిశాన్నీ ఫ్లూ అంటాం, నిజం ఫ్లూని వైరల్ ఫీవర్ అని నాలుగు రోజులు పడుకుని లేస్తాం, కాబట్టి వచ్చిందో లేదో చెప్పడం కష్టం. జలుబు తెచ్చే వైరస్‌లు 200 పైనే ఉన్నాయి, ఈ టీకా వాటిలో దేన్నీ ఆపదు, ఇన్‌ఫ్లుయెంజాని (ఫ్లూ పూర్తి పేరు అదే) మాత్రమే చూసుకుంటుంది. ‘టీకా వేయించుకున్నా జలుబు వచ్చింది’ అనే మాట అక్కడి నుంచే పుట్టింది. వేయించుకున్న మర్నాడు జ్వరం వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఇంజెక్షన్‌లో ఉండేది చంపేసిన వైరస్ ముక్కలు, వాటివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒళ్లు కాస్త వెచ్చబడటం ఒకటి, రెండు రోజులు ఉంటాయి.

ఏటా ఎందుకంటే ఆ వైరస్ ఏటా చొక్కా మార్చుకుంటుంది, టీకా ఇచ్చిన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ వైరస్ రకాలు పెట్టాలో నిర్ణయిస్తుంది. వేయించుకున్నవాళ్లకీ వస్తుందన్నది నిజమే. రకాలు బాగా కుదిరిన ఏడాది ఫ్లూతో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన ప్రమాదం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది, నూటికి నూరు కాదు. అయితే వచ్చినా ఆస్పత్రిదాకా, ఐసీయూదాకా పోకుండా ఆపడంలోనే దీని విలువ ఉంది. మీరు మిర్చి రైతుకి విత్తనశుద్ధి చేసుకోమని చెబుతారు కదా, విత్తనశుద్ధి చేస్తే ఏ తెగులూ రాదని మీరూ అనరు, రైతూ అనుకోడు, అయినా చేయకుండా విత్తడు.

మీకు షుగర్ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫ్లూ జ్వరంలో షుగర్ అదుపు తప్పుతుంది, న్యుమోనియా తొందరగా పట్టుకుంటుంది. గుండె మీదా దెబ్బ పడుతుంది. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఫ్లూ అని తేలిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే ప్రమాదం మామూలు రోజులకంటే ఆరు రెట్లు కనిపించింది. 2009లో దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, ఆ హెచ్1ఎన్1 ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు ఏటా వచ్చే ఫ్లూల్లో అదీ ఒకటి.

ముక్కులో కొట్టే మందు ఉన్నమాట నిజమే, కానీ అది మీకు కాదు. అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. అమెరికాలో దాన్ని 2 నుంచి 49 ఏళ్ల వాళ్లకే అనుమతించారు, షుగర్ లాంటి జబ్బులున్నవాళ్లకి ఇంజెక్షనే మంచిదంటారు. మీ అబ్బాయికి సరిపోవచ్చు, మీకు వయసూ దాటింది, షుగరూ ఉంది. హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ల ముక్కు చుక్కల టీకా కోవిడ్‌ది, ఫ్లూకి పనికిరాదు, కొందరు రెండూ ఒకటే అనుకుంటున్నారు.

మన దగ్గర ఫ్లూ ఎక్కువగా వానలతో పాటు వస్తుంది, చలికాలం చివర్లో మరోసారి తలెత్తుతుంది. అబ్బాయి వాళ్లకి అక్టోబరు సీజను, మనకి ఏప్రిల్, మే నెలల్లో వేయించుకుంటే వానలు మొదలయ్యేలోపు రక్షణ వస్తుంది, అది రావడానికి రెండు వారాలు పడుతుంది. ఆ నెలలు దాటిపోయినా పర్వాలేదు, దొరికినప్పుడు వేయించుకోండి. ఈ ఏడాది టీకాయేనా అని మాత్రం అడగండి. మూడు రకాల ఫ్లూ వైరస్‌లకి పనిచేసేదా, నాలుగు రకాలకా అని తర్జనభర్జన పడొద్దు, నాలుగో రకం వైరస్ 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించలేదు. ఇంతకుముందు ఫ్లూ టీకాకి తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉన్నా, ఆ రోజు గట్టి జ్వరం ఉన్నా ముందే చెప్పండి, రక్తం పలచబడే మందులు వాడుతున్నా చెప్పండి.

వెళ్లే రోజు ఖాళీ కడుపుతో వెళ్లకండి, టిఫిన్ తిని మాత్ర వేసుకోండి. అరగంట ముందు అర లీటరు మంచినీళ్లు తాగండి. క్యూలో నిలబడే చోటికి అసలు వెళ్లొద్దు, తెలిసిన క్లినిక్‌కి ఫోన్ చేసి రద్దీ లేని వేళ కనుక్కోండి. లోపలికి వెళ్లగానే నర్సమ్మకి ‘నేను పడిపోతాను, పడుకోబెట్టి వేయండి’ అని చెప్పండి, ఆవిడ రోజూ వినే మాటే అది. సూది వేసే చెయ్యి వదులుగా పెట్టి కాళ్లు, పొట్ట, రెండో పిడికిలి బిగించండి. అయ్యాక వెంటనే లేవకుండా పావుగంట పడుకునే ఉండండి. బండి మీరు నడపకండి, మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి, ఆవిడకీ టీకా కావాలి, ఒకసారి ఫ్లూ వచ్చిందని మళ్లీ రాదనేం లేదు.

ఇప్పుడు ఆ ఏడాదిన్నర సంగతి. మాత్రలు పనిచేస్తున్నాయో లేదో, కిడ్నీలు ఎలా ఉన్నాయో రక్తం చూడకుండా ఏ డాక్టరూ చెప్పలేరు. షుగర్ కిడ్నీని చప్పుడు చేయకుండా తింటుంది, నొప్పి ఉండదు, మీకు తెలియదు. ఫ్లూ టీకా వేయించుకున్న పది రోజుల్లోపు, ఆ ధైర్యం చల్లారకముందే, అదే మంచం మీద అలాగే కాళ్లు బిగించి పడుకుని మూడు నెలల సగటు షుగర్‌కీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కీ రక్తం ఇవ్వండి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో కూడా చూపించండి, దానికి సూదితో పనే లేదు. రిపోర్టులు చేతికొచ్చాక ఆ అంకెలు నాకు రాయండి, వాడే మాత్రల పేర్లు కూడా.