సైనైడ్ లేని జింక్ ప్లేటింగ్ నిలబడుతుందా?

ఇనుము మీద కరెంటుతో జింక్ పూత వేసే తొట్టి ద్రావణంలో, అంటే బాత్‌లో, విషమైన సైనైడ్ మానేసి కాస్టిక్ సోడాతో నడిచే ఆల్కలైన్ జింక్‌కి మారితే పూత పొక్కులొచ్చి ఊడిపోతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. పొక్కులు రావడం నిజమే, కానీ తప్పు కొత్త బాత్‌ది కాదు, దానికి ముందు చేసే క్లీనింగ్‌ది. ప్లేటింగ్ షాపులో ఏళ్ల తరబడి పనిచేశాను కాబట్టి ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

సైనైడ్ బాత్ తనే కాస్త జిడ్డు కడిగేస్తుంది, అందుకే క్లీనర్ పనిచేయకపోయినా చాలాకాలం ఎవరికీ తెలియదు. మా షాపులో బాత్ మార్చిన కొత్తలో బ్రాకెట్ వంచి చూస్తే మూల దగ్గర జింక్ పొలుసుల్లా లేచేది, పాతదే పెట్టేద్దామని ఫోర్‌మన్ గారు పట్టుబట్టారు. నేను క్లీనింగ్ తొట్టిలోంచి ఒక ముక్క తీసి, మంచినీళ్లలో ముంచి పైకెత్తి పట్టుకున్నాను. శుభ్రమైన ఇనుము మీద నీళ్లు ఎక్కడా తెగకుండా ఒకే పొరగా నిలబడాలి. దీని మీద వంపు దగ్గర ముడుచుకుపోయి చుక్కలు చుక్కలుగా విడిపోయాయి, అంటే ప్రెస్ ఆయిల్ ఇంకా అలాగే ఉంది. "సార్, ఇలాంటి దాని మీద ఏ బాత్ మాత్రం పట్టుకుంటుంది?" అన్నాను. ముక్కల్ని నానబెట్టి జిడ్డు తీసే సోక్ క్లీనర్ మార్చి, వేడి పెంచి, కరెంటు పెట్టి కడిగే ఎలక్ట్రో క్లీనింగ్‌లో ముక్కని పాజిటివ్ కొన, అంటే యానోడ్‌గా పెట్టాక పొలుసులు ఆగిపోయాయి. ఆ తర్వాత బాత్‌లో జింక్ లీటరుకు 10 గ్రాములు, కాస్టిక్ 120 గ్రాముల చుట్టూ ఉండేలా టైట్రేషన్ (ద్రావణంలో ఏది ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేసుకుంటూ ఉంటే చాలు.

నాకు అసలు కోపం తెప్పించేది పసుపు రంగు పిచ్చి. జింక్ తుప్పు పట్టకుండా దాని మీద వేసే పలుచని క్రోమియం పొరే పాసివేషన్. తక్కువ హానికరమైన ట్రైవాలెంట్ క్రోమియంతో చేసినా అది చక్కగా పనిచేస్తుంది, కాకపోతే నీలిరంగు ఛాయ వస్తుంది. కస్టమర్లు మాత్రం పసుపు కనబడితేనే గట్టిదనుకుని పాత రకం హెక్సావాలెంట్ క్రోమియమే కావాలంటారు. గట్టిదనం ఉప్పునీరు చిమ్మి తుప్పు ఎప్పుడు పడుతుందో చూసే సాల్ట్ స్ప్రే టెస్ట్‌లో చూడాలి గానీ కంటితో కాదు. హెక్సావాలెంట్ క్రోమ్ క్యాన్సర్ కారకం. క్రోమ్ ప్లేటింగ్ తొట్టి పైన లేచే ఆవిరి తుంపరలు పీల్చినవాళ్లకు ముక్కు లోపలి అడ్డుగోడకి చిల్లు పడే ప్రమాదముంది, అయినా కరెంటు ఆదా అని ఎగ్జాస్ట్ ఫ్యాన్ కట్టేసేవాళ్లున్నారు! మెరుపు కోసం వేసే అలంకరణ క్రోమ్‌కి ట్రైవాలెంట్ బాగా సరిపోతుంది. అరుగుదల తట్టుకోవడానికి వేసే మందమైన హార్డ్ క్రోమ్ దగ్గరే ఇంకా ఇబ్బంది, అక్కడ వేడికి కరిగించిన పూతని చిమ్మే థర్మల్ స్ప్రే లాంటివి వెతుక్కోవాలి.

మీరు మారేటప్పుడు పాత సైనైడ్ ద్రావణం యాసిడ్ తొట్టి నీళ్లతో ఎక్కడా కలవకుండా చూడండి, కలిస్తే వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది. పీహెచ్ 10 పైన ఉంచి బ్లీచింగ్ రసాయనమైన హైపోక్లోరైట్‌తో సైనైడ్‌ని పూర్తిగా విరగ్గొట్టించి, టెస్ట్ చేయించాకే తొట్టి కడగండి.